తెల్లకొంగ కుడివైపు

తలుపు మీది పసుపు రంగు పోవడం లేదు.

ఇల్డా గుడ్డని పెట్రోలులో ముంచి రుద్దుతోంది. రుద్దేకొద్దీ రంగు పక్కకి పాకుతోంది తప్ప వదలడం లేదు. ఇటలీలో, మా తూరినో పట్నంలో, సమ్మెకి ద్రోహం చేసినవాడి తలుపుకి పూసే రంగు అది. పైనుంచి కిందికి వెడల్పాటి పట్టీ. ఎక్కడా వంకర పోలేదు. కార్లకి రంగులేసే చెయ్యే వేసింది మరి.

మెట్ల మీద చప్పుడైంది. ఇల్డాతోపాటు కార్ల షెడ్డులో పనిచేసే పై అంతస్తు లీనా చర్చి నుంచి వస్తోంది. ఆదివారం పూట ఈ తలుపు ముందు ఆగి, వంటింట్లోకి తొంగి చూసి, వెల్లుల్లి ఎంత వేశావని అడగందే పైకి వెళ్లే మనిషి కాదు.

ఇవాళ ఆగలేదు.

"లీనక్కా," అంది ఇల్డా.

లీనా పైమలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండానే అంది: "పెట్రోలుతో పోదమ్మా అది. మొంతికోనె దొరని అడుగు, ఏదన్నా మందు చెప్తాడు. మీ ఆయనకి ఇప్పుడు బాగా దగ్గరట కదా."

ఇల్డా గుడ్డని బాల్చీలో పడేసి లోపలికి వచ్చింది.

ఎవాజియో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కోటు విప్పలేదు, బూట్లు విప్పలేదు. కార్ల ప్రదర్శన మొదలైనప్పటినుంచి సొంత ఇంట్లో అతను ఇలాగే కూర్చుంటున్నాడు, స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాడిలా.

"విన్నావా?"

"విన్నాను."

"మరి?"

"మరేముంది. పెట్రోలుతో పోదంది, నిజమే. గీకాలి."

"నేను తలుపు సంగతి అడగట్లేదు."

"తెలుసు."

ఆ ఇంట్లో అందరి గొంతుకీ అడ్డం పడింది ఒక కారు.

పెద్ద ఫ్యాక్టరీవాళ్లు గుమాస్తాలకీ డాక్టర్లకీ అమ్ముకునే నాలుగు తలుపుల సెడాన్ ఒకటుంది. కార్లకి బాడీలు కట్టే షెడ్డు యజమాని మొంతికోనె దాన్ని కొంటాడు. పైనున్న రేకంతా ఒలిపించేస్తాడు. ఇంజనూ చక్రాలూ ఎముకల గూడూ మిగుల్చుకుని దానికి కొత్త చర్మం తొడిగిస్తాడు. నడుమెత్తు కూడా లేని కారు, కత్తి మొనలాంటి ముక్కు, ఒకే గాజు పలకతో కప్పు. తెల్లకొంగ అని పేరు పెట్టాడు. దాన్ని ఎవడూ కొనడు. అందులో ఎక్కి ఎవడూ ఎక్కడికీ వెళ్లడు. వాలెంటీనో పార్కులో ప్రదర్శన జరిగినన్నాళ్లూ దీపాల కింద గుండ్రటి చెక్క మీద గిరగిరా తిరుగుతుంది. విదేశాల దొరలు వెర్మూత్ ద్రాక్షసారా తాగుతూ చూస్తారు. ఆర్డర్లు మొంతికోనెకి వస్తాయి. ప్రదర్శన మూసిన మర్నాడు, ఆ చర్మం తొడిగిన మనుషులకి లేఆఫ్ వస్తుంది, మళ్లీ వసంతం దాకా. ఏటా ఇదే తంతు.

ఈ ఏడు తిరగబడ్డారు. ప్రదర్శన తర్వాత ఎవర్నీ ఇంటికి పంపనని రాసివ్వు, అప్పుడు నీ కొంగ పూర్తవుతుంది అన్నారు. లేకపోతే నీ వేదిక ఖాళీ. వాళ్ల చేతిలో ఉన్నది అదొక్కటే.

మొంతికోనె షెడ్డులో ఒక కారుకి రేకు కొట్టేవాళ్లు ఇద్దరు. ఎడమవైపు ఒకడిది, కుడివైపు ఒకడిది. ఎవడి వైపు వాడిది. రెండోవాడు దాని మీద చెయ్యి వెయ్యడు, యజమాని వెయ్యమన్నా వెయ్యడు. తెల్లకొంగ ఎడమవైపు ఇల్డా అన్న సెలెస్తీనోది. అది సమ్మెకి ముందే అయిపోయింది. కుడివైపు ఇల్డా మొగుడు ఎవాజియోది. సమ్మె నాటికి ఆ పక్క కొయ్యమూస తప్ప రేకన్నది లేదు. గేటు బయటికి వచ్చేటప్పుడు ఎవరి సుత్తులు వాళ్లు వెంట తెచ్చుకుని, సంఘం హాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. సుత్తి ఇక్కడ మనిషి సొంతం, షెడ్డుది కాదు.

ప్రదర్శన మొదలైంది. తెల్లకొంగ వచ్చింది. రెండువైపులా నిండుగా వచ్చింది.

సమ్మె కమిటీకి పెద్ద సెలెస్తీనోయే. టికెట్టు కొనుక్కుని వెళ్లాడు. తాడు దాటి దూకి, కాపలావాళ్లు లాక్కెళ్లేలోపు చక్రం మీది కుడి రెక్క రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. తిరిగి వచ్చి గేటు దగ్గర అందరి ముందూ చెప్పాడు: "ఇది మా ఇంటి చెయ్యి. మా నాన్న సుత్తి దెబ్బ. మా నాన్న నేర్పింది ఇద్దరికే, నాకూ మా బావకీ."

ఇక తలుపుకి రంగు పడకుండా ఎలా ఉంటుంది.

"నీ సుత్తులు బీరువాలో ఉన్నాయి," అంది ఇల్డా. "నేనే షెడ్డువాళ్లతో పోట్లాడాను. సుత్తుల్లేకుండా ఎలా కొట్టాడు, పళ్లతో కొరికాడా అన్నాను. నవ్వారు. మీ నాన్న సుత్తులు మీ ఇంట్లోనే ఉన్నాయిగా అన్నారు."

ఎవాజియో బల్ల మీద వేలితో గీత గీశాడు.

"పొద్దున నాన్న సుత్తుల పెట్టె తెరిచాను."

అతను కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు.

"ఏళ్లుగా మూతపడ్డ పెట్టె. తుప్పు పట్టి ఉండాలి. సుత్తుల మొహాలు అద్దాల్లా ఉన్నాయి. నా మొహం కనిపించింది వాటిలో."

అల్యూమినియం మీద పెట్టబోయే సుత్తిని ముందు అద్దంలా మెరిసేదాకా రుద్దుకోవాలి. లేకపోతే సుత్తి మొహాన ఉన్న ప్రతి గీతా రేకు మీద అచ్చు పడుతుంది. ఇల్డా అదే షెడ్డులో సీట్లు కుడుతుంది, సుత్తి పట్టదు. కానీ ఆ రుద్దుడు చప్పుడు వింటూ పెరిగిన పిల్ల.

"నువ్వేనా?"

అతను తలెత్తి చూశాడు.

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"అడుగుతున్నాను."

"అలా లేదు."

"ఎలా ఉండమంటావు? సమ్మె తరఫున వెనక గేటు కాపలా నీది. ఎవడో వెళ్లింది ఆ గేటు నుంచే. సుత్తులు మన ఇంటివి. చెయ్యి మన ఇంటిది. ఇన్నాళ్లూ ఒక్కసారి నోరు తెరిచి కాదని ఉంటే, ఇందాక ఆ లీనా జుట్టు పట్టుకుని మెట్ల మీద ఈడ్చేదాన్ని."

"కాదు."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడేగా అడిగావు."

ఆమెకి ఆ 'కాదు' నమ్మాలనే ఉంది. నమ్మడం చేతకాలేదు.

సాయంత్రం సంఘం హాల్లో మీటింగు. ఎవాజియోని సంఘం నుంచి తీసెయ్యాలా వద్దా అని ఓటు. తీసేస్తే తూరినోలో ఏ షెడ్డులోనూ అతని పక్కన నిలబడి సుత్తి పట్టేవాడు దొరకడు. అతనికి రెండోవైపు అనేదే ఉండదు. పని పోతుంది, పేరు పోతుంది. మిగిలేది మొంతికోనె గుమ్మం ఒక్కటే.

"అక్కడైనా మాట్లాడతావా?"

"ఏమని?"

"నేను చెయ్యలేదని."

"మరి ఎవరు చేశారని అడుగుతారు కదా."

ఆమె ఆ మాట పట్టుకునేలోపే లోపలి గది తలుపు తెరుచుకుంది.

ఒత్తావియో గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇల్డా తండ్రి. తూరినోలో రేకు కొట్టేవాళ్లకి సంఘం పెట్టిన మనిషి. నల్లచొక్కాల ఫాసిస్టుల కాలంలో వాళ్ల సంఘంలో పేరు రాయించుకోమంటే రాయించుకోక జైల్లో కూర్చున్న మనిషి. బతికుండగానే ఆయన ఫొటో హాలు గోడకి ఎక్కింది.

"ఏమ్మా, ఇంకా కుంపటి వెలిగించలేదా? ఇవాళ ఆదివారం కాదూ?"

"అన్నయ్య రాడు నాన్నా."

"వాడు రాకపోతే ముంత కాగనంటుందా? వెలిగించు."

వెల్లుల్లీ ఉప్పుచేపలూ నూనెలో కాగే మట్టి ముంతని బల్ల నడిమధ్య పెట్టింది ఇల్డా. ముళ్లకాడలు, మిరప ముక్కలు, క్యాబేజీ ఆకులు అందులో ముంచుకుని తినడం. ఎంతమందున్నా ముంత ఒకటే. పోట్లాడుకున్నవాళ్లు ఆ ముంత దగ్గర కూర్చోరు. కూర్చుని ముంచారంటే పోట్లాట తీరిపోయినట్టే లెక్క.

ఎవాజియో కూర్చున్నాడు, ముంచలేదు.

"తినవోయ్ అల్లుడూ," అన్నాడు ఒత్తావియో. "మీటింగుకి ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. ఎన్ని చూశాను నేను. కడుపు ఖాళీగా ఉంటే నోటికి తిక్క వస్తుంది."

"మీరు తినండి మామయ్యా."

"వెల్లుల్లి పడట్లేదా?"

"పడాల్సినవన్నీ నా మీదే పడుతున్నాయి లెండి."

ముసలాయన నవ్వబోయి మానుకున్నాడు. ఒక ముళ్లకాడ తీసుకుని ముంచాడు. నూనె కారి చొక్కా మీద పడింది. ఇంకోటి తీసుకున్నాడు. అదీ కారింది.

ఎడమచేత్తో తింటున్నాడు.

కుడిచెయ్యి బల్ల కింద ఉంది. ఆ మణికట్టుకి ఇల్డా రోజూ కర్పూరం నూనె మర్దనా చేస్తోంది. వేడి గుడ్డ పెట్టి కట్టు కట్టింది. నది ఒడ్డున గుండ్లాట ఆడుతున్నానమ్మా, పొగమంచు చెమ్మకి వాచింది అన్నాడు ఆయన. ఎన్నడూ లేని ఆ గుండ్లాట సమ్మె మొదలయ్యాకే మొదలైంది.

ఇల్డా చేతిలోని మిరప ముక్క బల్ల మీద పడింది.

"నాన్నా, ఆ చెయ్యి పైన పెట్టు."

"ఏ చెయ్యి?"

"నేను మర్దనా చేసే చెయ్యి."

"నొప్పమ్మా."

"నాకు తెలీదా నొప్పని? పెట్టు."

పెట్టాడు. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో, సబ్బుకి లొంగని బూడిద నలుపు. రేకు నలుపు. పని మానేసినవాడి చేతికి ఉండకూడని నలుపు.

బల్లకి అవతల ఎవాజియో చేతులు ఉన్నాయి. పెళ్లయిన నాటినుంచి ఆమె ఆ చేతుల్ని నల్లగానే చూసింది. సమ్మెలో ఖాళీగా ఉండి ఉండి అవి తెల్లబడ్డాయి, బడిపంతులు చేతుల్లా. ఇన్నాళ్లూ ఆమె కళ్లముందే ఉన్నాయి.

ముంతలో నూనె చిటపటలాడుతోంది.

"నీకు తెలుసు," అంది మొగుడితో.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"వెనక గేటు దగ్గర నా ముందునుంచే వెళ్లారు. మొంతికోనె మాట్లాడదాం రమ్మన్నాడు, మంచి కబురు తెస్తాను అల్లుడూ, అప్పటిదాకా ఎవరితోనూ అనకు అన్నారు. దారి వదిలాను. మొదటిసారి వట్టి చేతులు. ఆ తర్వాత కోటు కింద మూట."

"మూటలో ఏముందని అడగలేదా?"

"మీ నాన్నని పట్టుకుని మూట విప్పమనేవాడు ఈ ఊళ్లో ఎవడున్నాడు?"

ఒత్తావియో గొంతు సవరించుకున్నాడు. "మాట్లాడడానికే వెళ్లానమ్మా. ప్రమాణంగా చెప్తున్నాను. కూర్చోబెట్టి వెర్మూత్ పోశాడు. సమ్మె ఊసే ఎత్తలేదు. దీపం వేసి దాన్ని చూపించాడు. ఎడమవైపు మీ అన్న పని. కళ్లు చెమర్చాయి నాకు. కుడివైపు ఎక్కణ్ణించో తెచ్చిన కుర్రాళ్ల చేత రేకు తగిలించి, గుంటల్లో పుట్టీ కూరించాడు. పుట్టీ అమ్మా. పౌడరు రాసిన శవంలా ఉంది. అతను ఒక్క మాట అనలేదు. బల్ల మీద కొత్త రేకు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు."

"నువ్వు?"

"చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపని కూర్చోను? చేతులు ఊరుకోలేదు."

"చేతుల మీదకి నెట్టకు నాన్నా. అవి ఇంటికొచ్చి సుత్తులు రుద్దుకుని, వాటంతటవే ట్రామెక్కి వెళ్లాయా?"

"ఊరికే చెయ్యలేదు. మాట తీసుకున్నాను. ఎవర్నీ ఇంటికి పంపనన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు."

"రాసిచ్చాడా?"

"మా ఇద్దరి మధ్యా రాతలేమిటి. ఎన్నేళ్ల పరిచయం."

"జీవితమంతా ఈ ఊరికి నువ్వు చెప్పింది ఏమిటి నాన్నా? యజమాని మాట కాగితం మీద పడేదాకా మాట కాదని కాదూ? నిన్న గేటుకి నోటీసు అంటించారు. ప్రదర్శన మూసిన మర్నాటినుంచి లేఆఫ్. అందరికీ. కుట్టుపనివాళ్లకి కూడా. అంటే నాక్కూడా."

ముసలాయనకి తెలియదు. మొహం చూస్తే తెలుస్తోంది. గోడల మీద ఏం అంటించారో చదవడం మానేసినవాడిలా, ఎవరో చదివి వినిపించాలన్నట్టు అల్లుడి వైపు చూశాడు. ఎవాజియో తల ఊపాడు.

ఇదీ యజమాని అంటే. జైలుకి లొంగనివాణ్ణి లొంగదీయడానికి అతనికి తుపాకీ అక్కర్లేకపోయింది. వాడి పనిని వాడి ముందు వికారంగా చేసి పెడితే చాలింది.

"నిన్ను మోసం చేశాడు సరే," అంది ఇల్డా. "ఇతన్ని మోసం చేసింది ఎవరు? తలుపుకి రంగు పడిన పొద్దున నువ్వు ఈ కుర్చీలోనే కూర్చుని, ఎవడో తాగుబోతు పనిలే అన్నావు. కాఫీ కూడా అడిగి తాగావు."

ఒత్తావియో కట్టు కట్టిన చేతిని మళ్లీ బల్ల కిందికి దించుకున్నాడు.

ఎవాజియో లేచాడు. కోటు ఎలాగూ ఒంటి మీదే ఉంది, టోపీ ఒక్కటే తీసుకున్నాడు.

"మామయ్య పెద్దాయన. ఆయనతో నాకు లెక్కల్లేవు. నువ్వు పెట్టె తెరిచి సుత్తులు చూశావు ఇల్డా. నా చేతులు చూడలేదు."

"ఎవాజియో."

"ఒకే మంచం. ఒకే ముంత. చూడలేదు."

తలుపు మూసుకుంది. పసుపు పట్టీ బయటివైపు ఉంది కనుక లోపలికి కనబడదు.

ముసలాయన పళ్లెం పక్కకి జరిపి అన్నాడు: "నేనే చెప్తాను."

"ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను. మీటింగులో, అందరి ముందూ, నా నోటితో. నువ్వు మాత్రం చెప్పకు. కూతురు చెప్తే బయటపడినట్టు ఉంటుంది. నేను చెప్తే ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఆ పాటి వదిలెయ్యి నాకు."

ఆమె ఆయన చెయ్యి చూసింది. అలవాటు చొప్పున కర్పూరం నూనె సీసా కోసం తన చెయ్యి కదిలింది. వెనక్కి తీసుకుంది.

"సరే," అంది. "నీకే వదిలేస్తున్నాను."

వదిలేసింది కానీ మనసు నిలవలేదు. మీటింగుకి ముందే హాలుకి వెళ్లింది. అన్న ఒక్కడికి చెప్తే తప్పు లేదనుకుంది. వాడు గేటు దగ్గర అన్న మాట వాడే వెనక్కి తీసుకుంటాడనుకుంది.

సెలెస్తీనో హాలు వెనక గదిలో పోస్టర్లకి పిండి జిగురు కలుపుతున్నాడు.

"అన్నయ్యా, బావ కాదు."

"వెళ్లి కూర్చో ఇల్డా. ఇప్పుడు కాదు."

"నాన్న."

జిగురులో కర్ర తిరుగుతూనే ఉంది. ఆగలేదు, తడబడలేదు. వినకూడని మాట విన్నవాడి చెయ్యి కాదు అది.

ఇల్డా గోడకి ఆనుకుంది. "నీకు తెలుసు."

"రెక్క మీద చెయ్యి పెట్టగానే తెలిసింది. బావ దెబ్బ బరువు. నాన్న దెబ్బ రేకుని బతిమాలినట్టు ఉంటుంది. ఎన్నేళ్లయిందే ఆ పని చూసి. కాపలావాళ్లు జబ్బలు పట్టుకుని ఈడుస్తుంటే ఏడ్చాను. దెబ్బ తగిలి ఏడుస్తున్నానని అనుకున్నారు."

"ఏడ్చి వచ్చి బావ పేరు చెప్పావు."

"ఎవరి పేరు చెప్పమంటావు? అవతల గోడ మీద ఫొటో ఎవరిది? ఒత్తావియోయే లోపలికి వెళ్లి కొట్టొచ్చాడంటే రేపు గేటు దగ్గర ఎవడు నిలబడతాడు? ఆయనే అమ్ముడుపోయాక మనకెందుకని సగం మంది తలొంచుకుని లోపలికి పోతారు. బావ అయితే తిడతారు, ఉమ్ముతారు. కానీ నిలబడతారు. కోపం మనిషిని గేటు దగ్గర నిలబెడుతుంది. సిగ్గు ఇంటికి పంపుతుంది."

"బావ మనిషి కాదా?"

"ఒక్కడు ఇల్డా. అవతల షెడ్డు మొత్తం ఉంది. నువ్వూ అందులోనే ఉన్నావు."

"మొంతికోనె కూడా ఇలాగే లెక్కేస్తాడు. ఎవణ్ణి పంపిస్తే షెడ్డు నడుస్తుందని."

కర్ర ఆగింది. "వాడితో పోలుస్తున్నావా నన్ను?"

"పోల్చట్లేదు. వాడు నాన్నకి వెర్మూత్ అయినా పోశాడు. నువ్వు బావని వట్టి గొంతుతోనే అమ్మేశావు."

సెలెస్తీనో మొహం ఎర్రబడింది. తిట్టబోయాడు. తిట్టలేదు. "నువ్వు లేచి చెప్తావా అక్కడ?"

"నేనెందుకు? నాన్నే చెప్తానన్నాడు. మాటిచ్చాడు."

"నాన్నా? జనం ముందా?" సెలెస్తీనో మళ్లీ కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. "మంచిది. చూద్దాం."

సెలెస్తీనో చెడ్డవాడు కాదు. అదే భయం. సంఘం కోసం ఒక మనిషిని బలిపెట్టొచ్చని లెక్క తేల్చుకున్న నాయకుడు సంఘానికి మొంతికోనె కన్నా ఎక్కువ కీడు చేస్తాడు. ఈ మాట రాసినందుకు నన్ను తిట్టదలుచుకున్నవాళ్లు తిట్టండి.

హాలు నిండిపోయింది. రంగులేసేవాళ్లు, అతుకులు వేసేవాళ్లు, కుట్టుపని ఆడవాళ్లు. బెంచీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. ఎవాజియో కుడిపక్క గోడ దగ్గర నిలబడ్డాడు. అతనికి అటూ ఇటూ ఇద్దరు మనుషులు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అంత కిక్కిరిసిన హాల్లో ఆ చోట్లోకి ఎవరూ జరగలేదు.

అప్పుడు ఒత్తావియో వచ్చాడు.

గుమ్మం దగ్గరివాళ్లు ముందు లేచారు. తర్వాత వెనక బెంచీలు, తర్వాత హాలంతా. టోపీలు తీశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ఆయన సుత్తి పట్టగా చూడనివాళ్లు, వాళ్లు కూడా గోడకి నిటారుగా నిలబడ్డారు. ఎవరో మోచెయ్యి పట్టుకుని ముందు వరుసలో, ఆయన ఫొటో కిందే, కుర్చీ చూపించారు.

ఇల్డా తండ్రి మొహం చూసింది. ఇంటి దగ్గర ఒప్పుకున్న మొహం అది కాదు. చలిలోంచి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నవాడి మొహం. అక్కణ్ణించి లేవమంటే ఎవడు లేస్తాడు.

చెప్తాడు, అనుకుంది. కూర్చోనీ, ఊపిరి తీసుకోనీ. చెప్తాడు.

సెలెస్తీనో లేచాడు. ఎక్కువ మాట్లాడలేదు. "కారు మీరంతా చూశారు. కుడివైపు ఎవరిదో మీకు తెలుసు. వెనక గేటు కాపలా ఎవరిదో మీకు తెలుసు. అతను మా బావ. అందుకని నేను పక్కకి తప్పుకోను. ఓటుకి ముందు ఎవరన్నా మాట్లాడదలిస్తే మాట్లాడొచ్చు."

మాట్లాడొచ్చు అన్నప్పుడు వాడి కళ్లు తండ్రి మీద ఉన్నాయి.

ఒత్తావియో మోకాలి మీది టోపీని చూసుకుంటున్నాడు. దాని అంచు మీద లేని దుమ్ము దులిపాడు. మళ్లీ దులిపాడు.

"నువ్వు?" అని అడిగాడు సెలెస్తీనో గోడ వైపు తిరిగి.

"లేదు," అన్నాడు ఎవాజియో.

"సరే. తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి."

కొన్ని చేతులు వెంటనే లేచాయి. ఎక్కువ చేతులు లేవలేదు. ఎవాజియో వాళ్లతో కలిసి తిన్నవాడు, తాగినవాడు. సమ్మెలో ఎవరి ఇంట్లో పొయ్యి చల్లబడినా ముందు తలుపు తట్టినవాడు. పక్కవాడు ఎత్తుతాడేమోనని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ముందు వరుసలో, ఫొటో కింద, ఒత్తావియో చెయ్యి లేచింది.

హాల్లో గాలి మారింది. "చూశారా," అన్నాడు వెనకెవడో, "సొంత మామే ఎత్తాడు." ఇక ఆగలేదు. రంగులవాళ్ల బెంచీ, అతుకులవాళ్ల బెంచీ, కిటికీలు. లీనా చెయ్యి. ఇల్డాతో పక్కపక్కన కూర్చుని సీట్లు కుట్టే ఆడవాళ్ల చేతులు. ఒకావిడ ఎత్తుతూ, ఏమనుకోకే అన్నట్టు ఇల్డా భుజం తట్టింది.

ఎవాజియో ఆ చేతులన్నీ చూడలేదు. ఒక్క చెయ్యినే చూస్తున్నాడు.

ఇల్డా లేచి నిలబడింది.

"నేనొకటి చెప్పాలి."

"ఓటు మొదలయ్యాక మాటల్లేవు," అన్నాడు సెలెస్తీనో. "రూలు తెలుసు కదా."

"తెలుసు. ఆ రూలు పెట్టింది నాన్నే. అదీ తెలుసు."

చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఒత్తావియో వెనక్కి తిరగలేదు. ఆయన మెడ వెనక మడతలు, ఇస్త్రీ చేసిన కాలరు, అంతే కనబడుతున్నాయి ఆమెకి. ఆ కాలరు పొద్దున ఆమే ఇస్త్రీ చేసింది.

"ఇల్డా," అన్నాడు ఎవాజియో గోడ దగ్గర్నించి. పొద్దున్నుంచీ లేని మెత్తదనం ఉంది గొంతులో. "కూర్చో."

ముసలాయన్ని కాపాడుతున్నాడా? లేక ఇప్పుడు నువ్వు నాకోసం ఏం చెప్పినా ఆలస్యమే అంటున్నాడా? ఆమె అతని మొహంలో వెతికింది. దొరకలేదు.

హాలంతా ఆమె కూర్చుంటుందని చూస్తోంది. అన్న చూస్తున్నాడు. మొగుడు చూస్తున్నాడు.

ఇల్డా కూర్చోలేదు.